నేను చూడని బంతి

ఈ ఆటలో సెంటర్ అంటే నడుం వంచి
కాళ్ళ సందులోంచి బంతి వెనక్కి అందించే మనిషి.
పోర్ట్ హెల్మన్ కిల్‌డీర్స్ ఆడిన ఐదు మ్యాచ్‌లూ
నేను తలకిందులుగానే చూశాను.
పైన గడ్డి, కింద ఆకాశం,
మధ్యలో జెనీవా పులియమ్ చేతులు.

పగలు స్కూలు బస్సు నడిపే చేతులవి.
వాండా క్రుపా చేపల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చేది,
ఆ వాసనకే అవతలి జట్టు ఓ అడుగు వెనక్కి వేస్తుందని మా ధీమా.
నేను బేకరీలో. తెల్లవారుజామున మూడింటికి పిండి,
సాయంత్రం ఆరింటికి మట్టి.
రెండూ గోళ్ళ కిందే దాక్కుంటాయి.

కిల్‌డీర్ అంటే ఈరీ సరస్సు ఒడ్డున
కంకరలో గుడ్లు పెట్టే పిట్ట. తీతువుకి దగ్గర చుట్టం.
ఎవరైనా గూటివైపు వస్తే
రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, ఏడ్చుకుంటూ
శత్రువుని దూరంగా తీసుకుపోతుంది.
ఆ పేరు పెట్టిన ఓర్లా మొదటి మ్యాచ్‌లోనే
ఆ విద్య ప్రయోగించింది కూడా.
కుంటుతూ కుంటుతూ పక్కకి జరిగి
ఉన్నట్టుండి నలభై గజాలు పరుగు!
నవ్వాలో విజిల్ వేయాలో రిఫరీకి తెలియలేదు.

హెల్మెట్లు హైస్కూలు కుర్రాళ్ళు వాడి పారేసినవి,
లోపల ఎవరో అబ్బాయి పేరు, సగం చెరిగి.
భుజాల ప్యాడ్లు మా ఒళ్ళు చూసి కుట్టినవి కావు.
తువ్వాళ్ళు మడిచి కుక్కుకున్నాం.
పేపరాయన వచ్చి అడిగినవి రెండే ప్రశ్నలు:
లిప్‌స్టిక్ వేసుకుని ఆడతారా? మీ ఆయన ఏమంటాడు?
గుడ్డు ఉడకబెట్టడం నేర్చుకున్నాడు, అన్నాను.
అచ్చులో ఆ మాట లేదు.
ఫోటో ఉంది. అందులో నా వీపు.

ఐదో మ్యాచ్‌కి వీలర్‌టన్ వాళ్ళు పాత చర్చి బస్సులో వచ్చారు.
టికెట్టు రెండు డాలర్లు.
జనం, మా పిల్లల్ని కలుపుకుని, తొంభై ఒక్కరు.
మూడో క్వార్టర్ దాటగానే స్టేడియం దీపాలు
ఒక్కసారిగా పోయాయి. బిల్లు కట్టలేదట.
కట్టాల్సిన గ్రేడీ మెకిన్స్, జట్టు యజమాని,
గేటు దగ్గరి డబ్బుల పెట్టెతో పాటు ఏమయ్యాడో
ఈ రోజుకీ తెలీదు.
రిఫరీలు వాచీలు చూసుకుని వెళ్ళిపోయారు.

మేం వెళ్ళలేదు.
ఎవరు ముందు అన్నారో గుర్తులేదు,
కార్లు తీసుకురండి, అని.
పద్నాలుగు కార్లు, ఒక పాల వ్యాను, ఆ చర్చి బస్సు
గీత వెంట బారుగా నిలబడి కళ్ళు తెరిచాయి.
మా నీడలు మాకన్నా ముందే పరిగెత్తి
మాకన్నా ముందే పడ్డాయి.

పన్నెండు, పన్నెండు. ఒక్క తన్ను మిగిలింది.
రెండు గుంజల మధ్య నుంచి పోతే గెలుపు,
మా మొదటి గెలుపు.
వంగాను. జెనీవా మోకాలు, జెనీవా చేతులు,
హెడ్‌లైట్ల పసుపు.
అందించాను.
మరుక్షణం వీలర్‌టన్ పిల్ల ఒకతె నన్ను బోర్లా పడేసింది.
మట్టి కరవడం నాకు సామెత కాదు.
కొంచెం ఉప్పన, కొంచెం ఇనుము రుచి.

వాండా కాలి దెబ్బ ధబ్బున వినిపించింది.
బంతి లేచి, వెలుగు దాటి, పైన చీకట్లో కలిసిందట.
కాసేపటికి చెట్లలో ఎక్కడో చప్పుడు.
మధ్య నుంచి పోయిందో పక్క నుంచో
చెప్పాల్సినవాళ్ళు అప్పటికే ఇళ్ళలో సూప్ తాగుతున్నారు.

బస్సుకి పెట్రోలు డబ్బుల్లేక
నన్ను పడేసిన పిల్ల ఆ రాత్రి మా సోఫాలోనే పడుకుంది.
పేరు మేవిస్. పొద్దున నాలుగు బన్నులు తింది.

జట్టు అక్కడితో సరి.

నాకిప్పుడు డెబ్బై మూడు. చిటికెన వేలు ఇంకా వంకరే,
పిండి పిసికితే దాని గుర్తు పడుతుంది.
పదమూడు, పన్నెండు అంటుంది జెనీవా, ఫోన్ చేసినప్పుడల్లా.
తన్నిన వాండా మాత్రం పోయేదాకా ఒప్పుకోలేదు,
ఎడమకి పోయింది, నా కాలికి తెలుసు, అనేది.

నువ్వు చెప్పు, నువ్వు చెప్పు, అంటారు.
నేనేం చెప్పను?
నా చేతిలోంచి వెళ్ళేటప్పుడైతే
సూటిగానే వెళ్ళింది.